ఊఁ కొట్టని పెట్టె

గురువారం మధ్యాహ్నం గ్రంథాలయం మేడమీది హాల్లో చప్పట్లు మోగినప్పుడు విలాసిని టీచర్ ఒక్కతే చేతులు కదపలేదు.

గోడమీది తెరపై వీడియో ఆగి ఉంది. నారింజ రంగు పెట్టె. దాని ఎర్ర బటన్ మీద, ఉప్పునీటికి పగుళ్ళు తేలిన ఒక బొటనవేలు. పక్కన వెలిగిన దీపం. పరీక్షకు వచ్చిన ఐదో జాలరి కూడా బటన్‌ను ఐదు సెకన్లు పట్టుకోగలిగాడు.

“ఐదుకి ఐదు!” అన్నాడు షిజిన్. “నా బతుకులో ఏ పరీక్షలోనూ ఇంత మంది పాసవడం చూళ్ళేదు టీచరే.”

“పాసయింది వాళ్ళు కాదు షిజిన్. మనం పరీక్షించేది పెట్టెని. మనుషుల్ని కాదు.”

“సరే, పెట్టె పాసయింది. మరి పార్టీ ఎవరిస్తారు, పెట్టేనా?”

ఎనిమిది మంది విద్యార్థులూ నవ్వారు.

అది ఐదు రోజుల తరగతి. కొత్తగా తయారైన వస్తువును, రేపు దాన్ని వాడబోయే మనిషి ముందు పెట్టి, ఒక పని చెప్పి, ఆ మనిషి ఎక్కడ తడబడతాడో చూసి రాసుకోవడం ఎలాగో అందులో నేర్పుతారు. దీన్ని వాడుక పరీక్ష అంటారు, వినడానికి చిన్న విద్య. చేయడానికి మాత్రం కష్టం, ఎందుకంటే కళ్ళెదుట తడబడుతున్న మనిషికి సాయం చేయకుండా కూర్చోవాలి. సోమవారం ఉదయం టీచర్ బోర్డు మీద మూడు మాటలు రాసింది. సాయం చెయ్యకు. మెచ్చుకోకు. తొందరపడకు. వాటిని ఇంతవరకూ ఎవరూ తుడవలేదు.

పుదుక్కడవు రేవులోని మత్స్యకారుల సొసైటీ ఆ పెట్టెలను చిన్న పడవలకు పంచబోతోంది. మూడు వందల పన్నెండు పెట్టెలు గిడ్డంగిలో ఉన్నాయి. పడవ మునిగే స్థితి వస్తే మూత ఎత్తి, ఎర్ర బటన్ నొక్కి, ఐదు సెకన్లు వదలకుండా పట్టుకోవాలి. అప్పుడు పెట్టె కూస్తుంది, దీపం వెలుగుతుంది, ఒడ్డున ఉన్న రక్షణ కేంద్రానికి కబురు వెళుతుంది. ఆలోపు వేలు తీస్తే ఏమీ జరగదు. శుక్రవారం ఆ రేవులో ఎవరూ వేటకు వెళ్ళరు. అందుకే మర్నాడు జుమా నమాజు అయ్యాక, మూడు గంటలకు, మంత్రి చేతుల మీదుగా పంపిణీ పెట్టుకున్నారు. శనివారం తెల్లవారగానే పడవలన్నీ ఆ పెట్టెలను నమ్ముకుని సముద్రంలోకి వెళతాయి.

“మీ పిల్లలు చూసి బాగుందని ఒక కాగితం ఇస్తే వేదిక మీద చదువుతాం టీచర్,” అని సొసైటీ కార్యదర్శి బావుట్టి పదిరోజుల క్రితం ఒక పెట్టె తెచ్చి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆమె మొహంలోకి చూడలేదు.

చూడకపోవడానికి కారణం రేవులో అందరికీ తెలుసు. పధ్నాలుగు నెలల క్రితం ఇలాంటి పెట్టెలనే ముప్పై పడవలకు ప్రయోగంగా ఇచ్చారు. అందులో ఒకటి టీచర్ తమ్ముడు ఉదయన్ పడవలో ఉంది. పడవ దొరికింది. పెట్టె దొరికింది. మూడో రోజున ఉదయన్ దొరికాడు. పెట్టెను విప్పి చూసినవాళ్ళు, బటన్ పదకొండు సార్లు నొక్కినట్టు లోపల నమోదై ఉందనీ, ఒక్కసారి కూడా ఐదు సెకన్లు నిండలేదనీ రాశారు. కారణం అనే గడిలో ‘వాడిన వ్యక్తి పొరపాటు’ అని ఉంది. కింద సొసైటీ తరఫున బావుట్టి సంతకం. పాతికేళ్ళుగా పిల్లల జవాబు పత్రాల్లో పొరపాట్లు దిద్దిన టీచర్ ఆ మూడు మాటలను చాలాసార్లు చదివింది. తర్వాత బడికి సెలవు పెట్టి ఈ విద్య నేర్చుకుంది. ఇది ఆమె నేర్పుతున్న మూడో విడత తరగతి.

ఇప్పుడు అలాంటి పెట్టే ఐదుగురి చేతుల్లో ఒక్క తప్పూ లేకుండా పనిచేసింది.

అయితే తప్పు నిజంగా ఉదయన్‌దేనా? ఆ ప్రశ్న ఆమెకు కొత్త కాదు. ఈ హాల్లో, పట్టపగలు, చప్పట్ల మధ్య వినడం కొత్త.

“రజియా,” అంది. “పరీక్ష నడిపింది నువ్వు. నీకేమనిపిస్తోంది?”

రజియా లేచి నిలబడింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న, ఆమె మాటల్లో ఉప్పా, రేవులో వలలు బాగుచేస్తాడు. తరగతిలో అందరికంటే మెత్తటి గొంతు, అందరికంటే శ్రద్ధ.

“నేనేం సాయం చెయ్యలేదు టీచర్, అల్లా సాక్షి. చెయ్యి ఒళ్ళోంచి కూడా తియ్యలేదు. మంగళవారం మీరు చేసి చూపించారు కదా, అచ్చం అలాగే కూర్చున్నా.”

“తెలుసమ్మా. చూశాను.”

“సెక్రటరీ ఇక్కాకి పంపేశా కూడా,” అన్నాడు షిజిన్ ఫోన్ ఊపుతూ. రేవులో అందరూ బావుట్టిని, అన్నా అన్నట్టు, ఇక్కా అనే పిలుస్తారు. “ఐదుగురూ పాస్ అని. ఆయన మూడు బొటనవేళ్ళ బొమ్మలు పంపించారు.”

“ఎవరు పంపమన్నారు?”

ఆమె గొంతు పెంచలేదు. అయినా హాల్లో నవ్వు ఆగిపోయింది.

“రేపు చదవాలి కదా అని...”

టీచర్ తెర వైపు తిరిగింది. తర్వాత, “తెర ఆపెయ్యి. మాట మాత్రం వినిపించు. మొదటి నుంచీ,” అంది.

“బొమ్మ లేకుండానా? రేడియోలాగా?”

“రేడియోలాగా.”

ఫ్యాన్లు ఆపారు. చీకటి తెర ముందు ఎనిమిది మందీ వింటూ కూర్చున్నారు. మొదటి జాలరి గొంతు వచ్చింది. “మూత తీశా... ఎర్రది ఇదేగా... నొక్కుతున్నా.” దాని వెనకే, దోమ వాలినంత మెల్లగా, ఇంకో గొంతు. “ఊఁ.” కాస్త ఆగి మళ్ళీ, సాగదీసి, “ఊఁ...” పెట్టె కూసింది.

రెండో మనిషి. “ఇంతేనా పిల్లా?” “ఊఁ... ఊఁ...” పెట్టె కూసింది.

మూడో మనిషి దగ్గరకు వచ్చేసరికి రజియా చేయి నోటి మీదికి వెళ్ళింది.

“ఇప్పుడు బొమ్మ పెట్టు,” అంది టీచర్. “బొటనవేలును చూడండి. ఇంకేమీ చూడొద్దు.”

చూశారు. వేలు నొక్కింది. రెండు సెకన్లు కాగానే పట్టు సడలి, గోరు కింద తెల్లదనం పోయి ఎరుపు తిరగబోయింది. అప్పుడు “ఊఁ” వినిపించింది. వేలు మళ్ళీ బిగుసుకుంది. ఐదుగురికి ఐదుగురూ అంతే.

“అయ్యో, అది... నేను వింటున్నానని చెప్పడానికి టీచర్!” రజియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే బండరాయిలా ఎలా కూర్చుంటాం? మా ఇంట్లో ఊఁ కొట్టకపోతే ఉమ్మా మొట్టికాయ వేస్తుంది. నేను కొట్టానని నాకే తెలీదు.”

“మరి ఊఁ కొట్టకూడదని బోర్డు మీద లేదు కదా టీచరే,” అన్నాడు షిజిన్. స్నేహితురాలి వైపు మాట్లాడుతున్నాడు కాబట్టి ఈసారి గొంతులో వెటకారం లేదు.

“లేదు,” అంది టీచర్. “మంగళవారంది పెట్టు. నేను చేసి చూపించింది.”

మంగళవారం ఆమె గ్రంథాలయం కాపలాదారును కూర్చోబెట్టి, బస్సు టికెట్ల యాప్‌తో పరీక్ష ఎలా నడపాలో చూపించింది. ఆ రికార్డింగ్‌లో ఆమె ఊఁ రజియా ఊఁ కంటే పొడుగ్గా ఉంది, తేటగా ఉంది. ఎవరూ తల తిప్పి ఆమెను చూడలేదు.

చిన్నప్పుడు ఉదయన్ పక్కలో పడుకుని కథలు చెప్పేవాడు. అక్క ఊఁ కొట్టకపోతే కథ ఆపేసేవాడు. ఆమెకు నిద్ర ముంచుకొచ్చి గొంతు ఆగితే భుజం కుదిపి, “చేచ్చీ, ఊఁ కొట్టు,” అనేవాడు. ఆ అలవాటు ఆమెకు అలా అంటుకుంది. వదిలించుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

“తప్పు రజియాది కాదు. నా దగ్గర నేర్చుకుంది,” అంది టీచర్. “ఐదు పరీక్షలూ చెల్లవు. నేను సొసైటీకి వెళ్ళి చెబుతాను.”

సొసైటీ ఆఫీసు ముందు పందిరి కడుతున్నారు. బావుట్టి కుర్చీ మీద నిలబడి మంత్రి బొమ్మ ఉన్న బ్యానర్‌ను సరిచేయిస్తున్నాడు. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు తనూ వేటకు వెళ్ళినవాడే. టీచర్‌ను, వెనక తల దించుకుని నిలబడ్డ రజియాను చూసి దిగాడు. జరిగింది విన్నాడు. ఫోన్‌లో వీడియో చూశాడు. రెండోసారి చూడలేదు.

“ఊఁ అన్నందుకా?” అన్నాడు. “ఊఁ అంటే చాలు, పరీక్ష చెల్లదా? మరి మా ఇంట్లో జరిగే మాటలేవీ చెల్లవు టీచర్.”

పందిరి కట్టేవాళ్ళు నవ్వారు.

“వేలు తీయబోతున్నప్పుడు అంది బావుట్టిక్కా. ఇంకాస్త పట్టుకోమన్నట్టు వాళ్ళకి వినిపించింది.”

“ఆ ఐదు సెకన్లు ఎందుకు పెట్టారో తెలుసా మీకు? ముందు ఊరికే నొక్కితే చాలనేలా చేశారు. పిల్లలు నొక్కారు. వల తగిలి నొక్కుకుంది. రక్షణ పడవ రెండుసార్లు వచ్చి, ఎవరూ మునగట్లేదని చూసి, మమ్మల్ని తిట్టి పోయింది. మూడోసారి నిజంగా మునిగినా వాళ్ళు రారు. అది ఆలోచించారా?”

“ఆ కారణం సరైందే,” అంది టీచర్.

బావుట్టి ఒకసారి పందిరి కట్టేవాళ్ళ వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “టీచర్, ఒకటి అంటాను, ఏమీ అనుకోకండి. ఉదయన్ కోసం మీరు ఈ పెట్టె ఓడిపోవాలని కోరుకుంటున్నారు. రేవు మొత్తం అదే అనుకుంటుంది.”

 అబద్ధం చెప్పడం టీచర్‌కు చేతకాదు, నిజమేమిటో ఆమెకే సరిగ్గా తెలియదు.

“అందుకే పరీక్ష నేను నడపను,” అంది. “రజియా నడుపుతుంది. మనుషుల్ని మీరు ఎంచండి. మీరూ వచ్చి కూర్చోండి. రేపు నమాజు పిలుపు వచ్చేలోపు ముగిస్తాం. పెట్టె పనిచేస్తే మీరడిగిన కాగితం నా చేత్తో రాసిస్తాను. వేదిక మీద నేనే చదువుతాను.”

“మీరే చదువుతారా?”

“చదువుతాను.”

బావుట్టి బ్యానర్ వైపు, తర్వాత గిడ్డంగి తాళం వైపు చూశాడు. “ముగ్గురిని పంపిస్తా. పన్నెండున్నరకి పిలుపు. ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా లేదు,” అన్నాడు.

శుక్రవారం పదిన్నరకల్లా హాలు మారిపోయింది. కుర్చీలు గోడలకు జరిపారు. మధ్యలో లారీ టైరు, దాని మీద వెడల్పాటి చెక్క. చెక్క మీద కూర్చుంటే ఎటూ కుదురుండదు. ఆ ఏర్పాటు షిజిన్‌ది. పక్కన బకెట్టు నిండా నీళ్ళు, ఒక మగ్గు.

“బల్ల మీద, ఫ్యాన్ కింద, చాయ్ తాగుతూ నొక్కితే అది సముద్రం ఎలా అవుతుంది టీచరే?” అన్నాడు. నాలుగు రోజుల్లో అతను అన్న మొదటి పనికొచ్చే మాట అదే. టీచర్ ఆ మాట అతనితో అంది కూడా.

రజియా మొహం పాలిపోయి ఉంది. “నాకు భయంగా ఉంది టీచర్. ఆపుకుందామనుకున్నా వచ్చేస్తుంది. పొద్దున ఇంట్లో ప్రయత్నించా. ఉమ్మాతో మూడు నిమిషాలు ఊఁ కొట్టకుండా ఉంటే, జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.”

టీచర్ సంచిలోంచి చిన్న పొట్లం తీసింది. నిమ్మతొనలు. “ఒకటి నోట్లో పెట్టుకో. నమలకు. నాలుక కింద ఉంచుకో. చెప్పాల్సింది కాగితం చూసి ముందే చదివెయ్యి. తర్వాత ఇది నోట్లో ఉండగా గొంతు కదలదు.”

“మీకో?” అంది రజియా.

టీచర్ తనూ ఒకటి నోట్లో వేసుకుంది.

బావుట్టి పదకొండుకు వచ్చాడు. తెల్లచొక్కా, తెల్లపంచె, అత్తరు. మూలన కుర్చీలో కూర్చున్నాడు. రేవు వైపు నుంచి మైకు సరిచూసేవాళ్ళ గొంతు వినిపిస్తోంది. ఒకటి, రెండు, మూడు. ఒకటి, రెండు, మూడు.

మొదట వచ్చింది అవరాన్‌కుట్టి. అరవై ఏళ్ళ మనిషి. టైరును చూసి, “ఇదేంటర్రా, సున్తీ వేడుకకి ఉయ్యాలా?” అన్నాడు. రజియా కాగితం చదివింది. మీరు ఒంటరిగా పడవలో ఉన్నారు, నీళ్ళు ఎక్కుతున్నాయి, ఒడ్డుకు కబురు పంపండి. పెట్టె ఎలా వాడాలో సొసైటీ వాళ్ళు రాసిచ్చిన నాలుగు వాక్యాలనూ, ఐదు సెకన్ల మాటతో సహా, చదివింది. నిమ్మతొన నోట్లో వేసుకుంది. షిజిన్ చెక్కను ఊపాడు. ఇంకొకడు మగ్గుతో నీళ్ళు చల్లాడు.

అవరాన్‌కుట్టి మూత తీశాడు. నొక్కాడు. తీశాడు. పెట్టెను చూశాడు, రజియాను చూశాడు. నొక్కాడు, తీశాడు. “పలకదేం ఇది? నువ్వూ పలకవేం పిల్లా? మీ ఉప్పా పెళ్ళికి బిర్యానీ వడ్డించినవాణ్ణి నేను. ఒక్క మాట చెప్పలేవా?”

రజియా కాళ్ళ వేళ్ళు నేలను గట్టిగా పట్టుకున్నాయి. శబ్దం రాలేదు. ఆరుసార్లు నొక్కి ఆయన పెట్టెను ఒళ్ళో పడేశాడు. “పాడైపోయింది. వేరేది తెండి.”

మూలన బావుట్టి, “అవరాన్ ఇక్కాకి ఇంట్లో లైటు వెయ్యడం కూడా రాదు,” అని గొణిగాడు.

రెండోవాడు సమీర్. ఇరవై ఒక్కేళ్ళు. టైరు మీద కూర్చుని, నీళ్ళు మొహాన కొట్టినా కన్నార్పకుండా, ఒక్కసారి నొక్కి పట్టుకున్నాడు. పెట్టె కూసింది. దీపం వెలిగింది.

“ఫోన్ ఆపినట్టే కదా,” అన్నాడు సమీర్ జుట్టు దులుపుకుంటూ. “ఇందులో పరీక్షేముంది?”

బావుట్టి నవ్వాడు. టీచర్ కాగితం మీద, సమీర్, మొదటిసారి, ఐదు సెకన్ల పైన, అని రాసింది.  

మూడో మనిషి రాలేదు. పన్నెండైంది. ఫోన్ చేస్తే స్నానానికి వెళ్ళాడన్నారు. పది నిమిషాలు గడిచాయి. మైకు గొంతు ఇప్పుడు మంత్రి పేరు పలకడం నేర్చుకుంటోంది.

“ఒకటికి ఒకటి,” అన్నాడు బావుట్టి లేస్తూ. “ముసలాయనకి రాలేదు, కుర్రాడికి వచ్చింది. ముసలివాళ్ళకి కుర్రాళ్ళు నేర్పిస్తారు. చాలు కదా టీచర్?”

చాలదని ఆమెకు తెలుసు. చాలదని చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదని కూడా తెలుసు. నోట్లో నిమ్మతొన పుల్లగా కరుగుతోంది.

“మూడోవారు మీరు కూర్చోండి,” అంది.

“నేనా? నాకు అంతా తెలుసు. వాళ్ళకి నేర్పిందే నేను. నేర్పేవాడితోనే చేస్తే అది పరీక్షవుతుందా?”

“పెట్టెకి లాభమే కదా బావుట్టిక్కా. మీరు ఎప్పుడైనా నొక్కి చూశారా?”

ఆయన చూడలేదు. ఆ సంగతి మొహంలోనే కనిపించింది. చొక్కా చేతులు మడిచాడు, పంచె ఎగగట్టాడు. “నమాజు ముందు నన్ను తడుపుతారా మీరు,” అంటూ చెక్క మీద కూర్చున్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు.

రజియా కాగితం చదివింది. మీరు ఒంటరిగా పడవలో ఉన్నారు.

షిజిన్ చెక్కను ఊపాడు. మొదటి మగ్గు నీళ్ళు భుజం మీద పడ్డాయి, రెండోది కళ్ళలో. చెక్క ఒక పక్కకు ఒరిగింది, బావుట్టి ఎడమచేయి గాల్లో దేన్నో పట్టుకోబోయింది. ముప్పై ఏళ్ళ క్రితం సముద్రం మీద నేర్చుకున్న చేయి అది. మొహంలో నవ్వు పోయింది. మూత ఎత్తి నొక్కాడు.

“ఒకటి రెండు మూడు నాలుగు ఐదు,” పైకే లెక్కపెట్టాడు. వేలు తీశాడు.

ఏమీ జరగలేదు.

ఆయన పెట్టెను చూశాడు. మళ్ళీ నొక్కాడు. “ఒకటిరెండుమూడునాలుగైదు.” మళ్ళీ మగ్గు నీళ్ళు. మళ్ళీ తీశాడు. మూడోసారి రెండు చేతులతో నొక్కాడు. నాలుగోసారి లెక్కపెట్టలేదు. తలెత్తి రజియా కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో కార్యదర్శి లేడు. నీళ్ళలో ఉన్న మనిషి ఉన్నాడు.

రజియా నోరు కదలలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీదికి వచ్చాయి. తుడుచుకోలేదు.

గోడ దగ్గర నిలబడ్డ టీచర్ ఆ వేలినే చూస్తోంది. ఈ పెట్టె ఓడిపోవాలని తను కోరుకుంటోందని నిన్న ఆయన అన్నాడు. ఇప్పుడు ఆమెకు అలాంటి కోరికేదీ కనిపించలేదు. పట్టుకో, వదలకు, ఇంకాస్త, ఇంకొక్క క్షణం. అదొక్కటే ఉంది. ఊఁ అంటే చాలు. ఆయన పట్టుకుంటాడు. ఆమె పళ్ళు బిగించింది. నిమ్మతొన రెండు ముక్కలైంది.

ఐదోసారి. ఆరోసారి. ఏడోసారి.

ఏడోసారి తర్వాత బావుట్టి వేలు పెట్టె మీదే ఉండిపోయింది, నొక్కకుండా. షిజిన్ చెక్కను ఊపడం మానేశాడు. ఎవరూ చెప్పలేదు.

“ఐదు లెక్కపెట్టాను,” అన్నాడు బావుట్టి. ఊపిరి ఎగబోస్తోంది. “పైకే లెక్కపెట్టాను. మీరంతా విన్నారు కదా?”

“విన్నాం ఇక్కా.” షిజిన్ ఫోన్‌లో చూసి చెప్పాడు. “మొదటిసారి రెండున్నర సెకన్లు. తర్వాత ఇంకా తగ్గింది.”

“రెండున్నరా?”

“రెండున్నర.”

ఆయన పంచె నుంచి నీళ్ళు నేలమీద కారుతున్నాయి. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. “పట్టుకున్నంతసేపూ ఇది ఏమీ అనదు,” అన్నాడు చివరికి. “నొక్కానో లేదో, చాలో చాలదో, ఏమీ అనదు. నిన్న ఆ ఐదుగురికీ ఈ పిల్ల ఊఁ కొట్టింది. అక్కడ ఎవరు కొడతారు?” పెట్టె మీద వేలితో తట్టాడు. “ఇది ఊఁ కొట్టాలి టీచర్. వేలు ఉన్నంతసేపూ ఏదో ఒక చప్పుడు చెయ్యాలి. అప్పుడు పట్టుకుంటాం. ఎంతసేపైనా పట్టుకుంటాం.”

“అవును,” అంది టీచర్.

రేవు మసీదు నుంచి నమాజు పిలుపు మొదలైంది. మైకు గొంతు ఆగిపోయింది. బావుట్టి చెక్క మీద నుంచి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ నిలబడి ఫోన్ చేశాడు. గిడ్డంగి తాళం తియ్యొద్దని చెప్పాడు. అవతల ఎవరో గట్టిగా అరిచారు. “మంత్రి రానీ. వచ్చి మాట్లాడి పోనీ. పెట్టెలు మాత్రం ఇవ్వం. ఎందుకో వేదికెక్కి నేనే చెబుతా,” అని ఫోన్ పెట్టేశాడు.

వెళ్ళబోతూ తిరిగాడు. పధ్నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

“ఉదయన్ కాగితం మీద సంతకం నాదే టీచర్.”

“తెలుసు బావుట్టిక్కా.”

ఆయన తడిసిన చొక్కాతోనే మెట్లు దిగాడు.

విద్యార్థులు నేల తుడుస్తున్నారు. రజియా కిటికీ దగ్గరికి వెళ్ళి కొంగుతో మొహం తుడుచుకుంది. “ఒక్కసారి ఊఁ అంటే ఏం పోయిందని అనిపించింది టీచర్. చాలాసార్లు అనిపించింది.”

“నాకూ అనిపించింది,” అంది టీచర్.

షిజిన్ నింపిన పరీక్ష కాగితం బల్ల మీద ఉంది. మూడో మనిషి, ఏడు ప్రయత్నాలు. కారణం అనే గడిలో అతను ‘బావుట్టిక్కా సరిగ్గా పట్టుకోలేదు’ అని రాశాడు. టీచర్ ఎర్ర కలం తీసింది. ఆ వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన తన గుండ్రటి అక్షరాల్లో ఇలా రాసింది.

వేలు రెండున్నర సెకన్లకు లేచింది. పెట్టె ఏమీ చెప్పలేదు.

రాసింది మరోసారి చదువుకుంది. ఇంకో కాగితం తీసుకుంది. పైన ఉదయన్ పేరు, తేదీ, పదకొండు ప్రయత్నాలు అని రాసింది. కారణం అనే గడిలో అవే రెండు వాక్యాలు, రెండున్నర అన్న చోట ఖాళీ వదిలి, రాసుకుంది. ఉదయన్ వేలు ఎంతసేపు ఉందో ఆమెకు తెలియదు. తెలియనిది ఆమె ఎప్పుడూ రాయదు.